రెప్ప వేయని కన్ను

కర్నూలు జిల్లా కోసిగి నుంచి ఏటా సుగ్గికని, అంటే వలసకూలికని, గుంటూరు మిరపచేలకు పోయేవాళ్లకు ఎండంటే ఏమిటో ఒకరు చెప్పనక్కర్లేదు. ఆ గుంటూరులోనే 1868 ఆగస్టు 18న జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త సంపూర్ణ సూర్యగ్రహణం కోసం కాచుకుని కూర్చున్నాడు. చంద్రుడు అడ్డొచ్చిన ఆ కాసిన్ని నిమిషాల్లో సూర్యుడి అంచున లేచిన శిఖల వర్ణపటం చూశాడు. గీతలు ఎంత కాంతిగా ఉన్నాయంటే, గ్రహణం లేకున్నా కనబడతాయేమోనని మర్నాడు పొద్దున్నే మళ్లీ చూశాడు. కనబడ్డాయి. చంద్రుడి దయకోసం కాచుకునే పని అలా తప్పింది.

అయితే ఆ శిఖలు సౌరజ్వాలలు కావు. సూర్యుడి మచ్చల దగ్గర మెలిపడిన అయస్కాంత రేఖలు తెగి మళ్లీ ముడిపడేటప్పుడు ఒక్కపెట్టున వెలువడే శక్తి జ్వాల. 1859 సెప్టెంబర్ 1న ఇంగ్లండులో కారింగ్టన్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఆ మచ్చల బొమ్మ గీస్తుండగా రెండు తెల్లటి మెరుపులు కనిపించాయి. సాక్ష్యానికి మనిషిని పిలుద్దామని పరుగెత్తాడు. నిమిషంలోపు తిరిగొచ్చేసరికే అవి వెలవెలబోయాయి. మొత్తం ఐదు నిమిషాల ముచ్చట.

ఇలా కంటికి ఆనేవి అరుదు. జ్వాల ఉధృతి తెలిసేది ఎక్స్ కిరణాల్లో, వాటినేమో గాలి మింగేస్తుంది. కాబట్టి గాలి దాటి పోవాల్సిందే. 1949లో అమెరికాలో ఫ్రీడ్‌మన్ బృందం వీ-2 రాకెట్‌తో సూర్యుడి ఎక్స్ కిరణాలను పట్టింది. 1960లో సోల్‌రాడ్, 1975 నుంచి గోస్ ఉపగ్రహాలు. జ్వాలలకు ఎ, బి, సి, ఎం, ఎక్స్ అని తరగతులున్నాయి; ఒక్కో మెట్టుకూ పదింతల తీవ్రత. 2003 నవంబర్ 4న వచ్చిన జ్వాలకు గోస్ కొలత చాలక చేతులెత్తేసింది. ఎక్స్28 అని తర్వాత అంచనా కట్టారు.

మన ఆర్యభట ఉపగ్రహం 1975లోనే సూర్యుడి న్యూట్రాన్ల కోసం పరికరం మోసుకెళ్లింది గానీ, నాలుగైదు రోజులకే విద్యుత్ సరఫరా దెబ్బతింది. 2003 మే 8న శ్రీహరికోట నుంచి లేచిన జీశాట్-2 ఉపగ్రహంలో ఎక్స్ కిరణాలు పట్టే సాక్స్ పరికరం ఉంది. అది సూర్యుణ్ని చూసింది రోజుకు రెండు మూడు గంటలే. ఆపైన 2019లో చంద్రయాన్-2. జాన్సెన్‌కు సూర్యుణ్ని కప్పిన ఆ చంద్రుడి చుట్టూనే తిరుగుతూ, సూర్యుడు సద్దుమణిగిన రోజుల్లో 98 సూక్ష్మజ్వాలల్ని లెక్కపెట్టింది. నాకీ సంగతి భలే నచ్చుతుంది.

ఏ అడ్డూ రాక రెప్ప పడని చోటు భూమి నుంచి సూర్యుడివైపు 15 లక్షల కిలోమీటర్ల దూరాన, ఎల్1 అనే బిందువు దగ్గర. 2023 సెప్టెంబర్ 2న శ్రీహరికోట నుంచే బయల్దేరిన మన ఆదిత్య నౌక, 2024 జనవరి 6న అక్కడి కక్ష్యలో కుదురుకుంది. ఎక్స్ కిరణాలు కొలిచే దాని సోలెక్స్ పరికరానికి రెండు కంతలు. చిన్న జ్వాలల కోసం జొన్నగింజంతది ఒకటి, పెద్దవాటికి కళ్లు బైర్లు కమ్మకుండా సూదిబెజ్జమంతది ఇంకొకటి. గోస్ పడ్డ అవస్థ దీనికి రాకూడదని కాబోలు.

2024 మేలో ఒక మచ్చల గుంపు జ్వాలల మీద జ్వాలలు ఎగజిమ్మింది. ఎక్స్, ఎం తరగతులవి ఆదిత్య పరికరాలకు చిక్కాయి. ఆ గుంపు నుంచి భూమివైపు కనిపించినవాటిలో అతి పెద్దది, ఎక్స్8.7, మే 14న వచ్చింది. మన గడియారంలో రాత్రి పదీ ఇరవై, ఆంధ్రలో పోలింగ్ ముగిసిన మర్నాడు. కోసిగిలో మిద్దెల మీద పక్కలేసుకునే వేళ.