యాపమండ

అనంతపురం పల్లెల్లో వేపను ‘యాప’ అంటారు. మాట మొదటి ‘వే’ ‘ఏ’ అయి, అది ‘యా’గా సాగింది. మడకశిర వైపు కన్నడం మాట్లాడే ఇళ్లలో ఇదే చెట్టు ‘బేవు’, తమిళంలో ‘వేంబు’. పాత తెలుగులో ‘వేము’ ఉంది. అన్నీ ఒకే వేరు నుంచి వచ్చినవే.

మండ అంటే ఆకులున్న రెమ్మ. చేతి మండ, కాలి మండ అనీ అంటాం. అరచెయ్యి వేళ్లుగా విడిపోయినట్టు కొమ్మ ఈనెలుగా విడిపోయే తీరును చూసే రెండింటికీ ఒకే పేరు పెట్టారని నాకనిపిస్తుంది.

ఇంట్లో ఎవరికైనా ‘అమ్మవారు పోస్తే’, అంటే మశూచో ఆటలమ్మో వస్తే, గుమ్మానికి యాపమండలు కట్టడం ఆచారం. అది చూసి బయటివాళ్లు లోపలికి రారు. మశూచి లోకం నుంచి పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980లో ప్రకటించింది. ఆటలమ్మకు మాత్రం ఆ కట్టుబాటు ఇంకా ఉంది. దురద పుడితే గోళ్లతో గీరనివ్వకుండా లేత మండతో నిమురుతారు, పొక్కులు చిట్లవు. ఆ నిమరడంలో ఉన్న ఓర్పు నాకు చాలా గొప్పదిగా కనిపిస్తుంది. జబ్బును తగ్గించేది మండ కాదు, జ్వరం ముదిరితే డాక్టరు దగ్గరికి పోవాల్సిందే.

గాలి సోకిందన్నా, పిల్లాడు జడుసుకున్నాడన్నా తల నుంచి పాదాల దాకా మండతో దిగదుడిచి మంత్రిస్తారు. వానలు ముఖం చాటేసే ఈ నేలమీద, నడివేసవిలోనూ పచ్చగా దొరికే రెమ్మ అది.