గుండె బలం: మందు ఇచ్చేదెంత?

విద్యార్థులారా! గుండె బలహీనపడిన రోగికి కొన్ని మందులు ఇస్తే గుండె కండరం మునుపటికంటే గట్టిగా ముడుచుకుంటుంది. ఆ అదనపు బలం మందులోంచే వచ్చిందా? జవాబు దొరకడానికి 150 ఏళ్లకు పైగా పట్టింది. ఆ చరిత్రలో మన భీమవరానికీ చోటుంది.

1775లో ఇంగ్లండ్ వైద్యుడు విలియం విథరింగ్ దృష్టికి ఒక నాటువైద్యం వచ్చింది. ష్రాప్‌షైర్‌లో ఒక వృద్ధురాలు ఒళ్లు నీరుపట్టిన రోగులకు ఇరవై రకాల మూలికలు కలిపి మందు ఇచ్చేది. వాటిలో పనిచేసేది ఫాక్స్‌గ్లవ్ మొక్కేనని ఆయన గుర్తించారు. పదేళ్లు పరిశీలించి 1785లో గ్రంథం ప్రచురించారు. ఆ మొక్క జాతి నుంచి వచ్చిందే డిజాక్సిన్.

1883లో లండన్‌లో సిడ్నీ రింగర్, కాల్షియం లేని ద్రావణంలో కప్ప గుండె కొట్టుకోదని చూపించారు. అంటే, ముడుచుకొమ్మని కండరానికి అందే సంకేతం కాల్షియం.

సంకేతం సరే, మరి శక్తి? 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు తర్వాత అమెరికా వెళ్లారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని కనుగొన్నారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని కనుగొన్నారు. ప్రతి సంకోచానికీ ఖర్చయ్యేది ఈ ఏటీపీయే. అది తరిగినప్పుడు వెంటనే భర్తీ చేసే నిల్వ ఫాస్ఫోక్రియాటిన్.

ఇప్పుడు మందుల పని చూద్దాం. కణంలోని సోడియంను బయటకు తోడే పంపును డిజాక్సిన్ అడ్డుకుంటుంది. లోపల సోడియం పెరిగితే కాల్షియం బయటకు పోవడం తగ్గుతుంది. డోబుటమిన్ మరో దారిలో, సైక్లిక్ ఏఎంపీని పెంచడం ద్వారా కాల్షియంను పెంచుతుంది. దారులు వేరైనా ఫలితం ఒకటే: కాల్షియం ఎక్కువ, సంకోచం గట్టి. శక్తిని మాత్రం గుండె తన ఏటీపీ నుంచే ఖర్చుపెట్టాలి.

ములుగర్రతో పొడిస్తే ఎద్దు వడిగా నడుస్తుంది. దాని కడుపు మాత్రం నిండదు. 1991లో వెలువడిన అధ్యయనంలో 1,088 మంది రోగులు పాల్గొన్నారు. సంకోచాన్ని పెంచే మిల్రినోన్ మాత్రలు వాడినవారిలో, మందు లేని మాత్రలు వాడినవారికంటే మరణాలు 28 శాతం ఎక్కువ. గుండె లయ తప్పే ప్రమాదం కూడా ఇలాంటి మందులతో పెరుగుతుంది. అందుకే మిల్రినోన్, డోబుటమిన్ వంటి మందులను అత్యవసర స్థితిలో, కొద్దికాలం, ఆసుపత్రి పర్యవేక్షణలోనే ఎక్కించడం పరిపాటి.

దీనికి భిన్నంగా, గుండె వేగాన్నీ సంకోచ బలాన్నీ తగ్గించే బీటా బ్లాకర్లను 1975లో స్వీడన్ వైద్యులు వాడిచూశారు. అవి రోగుల ఆయుష్షు పెంచుతాయని 1999 నాటి పెద్ద అధ్యయనాలు నిర్ధారించాయి.

కనుక గుండె మందు గురించి చదివినప్పుడల్లా రెండు ప్రశ్నలు వేసుకోండి. అది కణంలోని కాల్షియంను ఏం చేస్తుంది? ఆ ఖర్చును గుండె భరించగలదా?