అస్గరీ వద్దన్న తన్‌ఖా

డిప్టీ నజీర్ అహ్మద్ ‘మిరాత్-ఉల్-ఉరూస్’ నవల 1869లో వచ్చింది. ఆంగ్లేయ సర్కారు దానికి వెయ్యి రూపాయల ఇనామ్ ఇచ్చింది. ఢిల్లీ అక్కాచెల్లెళ్లు అక్బరీ, అస్గరీల కథ. అక్క ఫూహడ్, చెల్లెలు సలీఖా తెలిసిన పిల్ల. మీ ఇంట్లో ఉర్దూ చదివిన నానీ, దాదీ ఉంటే అడిగి చూడండి, గుర్తుపడతారు.

అందులో ఒక రయీస్ ఖాన్‌దాన్ వాళ్లు తమ అమ్మాయి హుస్న్ ఆరాకు చదువు చెప్పమని అస్గరీని అడుగుతారు. నౌకరీ అంటే అస్గరీ ఒప్పుకోదు. తన్‌ఖా పుచ్చుకున్న ఉస్తానీ నౌకర్ల లెక్కలోకి వస్తుంది, షరీఫ్ ఇంటి కోడలికి అది జిల్లత్. పిల్లను మా ఇంటికే పంపండి, ఊరికే చెబుతానంటుంది. అలా ఇంట్లోనే మక్తబ్ మొదలవుతుంది. చెప్పే చదువు అదే, పడే మెహనత్ అదే. పైసలు ముట్టనంత వరకే అది ఇజ్జతైన పని!

అదే ఇంట్లో మామా అజ్మత్ ఉండేది. బజారుకెళ్లి సౌదా తెచ్చేది. ఆమె బజారుకెళ్లడం ఎవరికీ ఐబ్‌గా తోచలేదు. ఆమె వెళ్లింది కాబట్టే కోడలి పర్దా నిలిచింది. నవల మాత్రం ఆమెను చోర్‌గా పట్టించి ఇంట్లోంచి పంపేస్తుంది. చదివినప్పుడల్లా నా మనసు అస్గరీ దగ్గర కాదు, ఆ ముసలామె దగ్గరే ఆగిపోతుంది.

మన హైదరాబాద్‌లో ఈ లెక్క తిరగబడడానికి ఎక్కువ కాలం పట్టలేదు. 1948లో పోలీస్ యాక్షన్, 1949లో జాగీర్ల రద్దు. ఆమ్దనీ ఆగిన ఖాన్‌దాన్లలో మొదట జేవర్ అమ్మారు. తర్వాత చదువుకున్న కూతుళ్ల నౌకరీ జిల్లత్‌గా కనిపించడం తగ్గింది. ఇవాళ రిష్తా మాట్లాడేటప్పుడు సాఫ్ట్‌వేర్ అమ్మాయి తన్‌ఖా ఎంతో గొంతు పెంచి మరీ చెబుతున్నారు.

మరి నిజామాబాద్, జగిత్యాల వైపు ఇళ్లలో? ఒళ్లో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరించి, వెయ్యి బీడీలకు ఇంత అని చుట్టే అమ్మీలున్నారు. ఇంట్లో చుట్టినా కార్మికులేనని 1966 బీడీ కార్మికుల చట్టం ఎప్పుడో ఒప్పుకుంది. పెళ్లివాళ్లు వచ్చి “మీ అమ్మీ ఏం చేస్తారు?” అని అడిగితే మాత్రం, ఆ బీడీల పైసలతో చదువుకున్న కొడుకే “ఏమీ లేదు, ఇంట్లోనే ఉంటారు” అంటాడు. చాట అప్పటికే మంచం కిందికి తోసేసి ఉంటుంది.