వాన ఖాతాలో పడిన వికెట్లు

1968 ఆగస్టు 27 మధ్యాహ్నం లండన్‌లోని ఓవల్ మైదానం చెరువైంది. వాన వెలిశాక ప్రేక్షకులే దిగి చీపుళ్లూ దుప్పట్లూ పట్టుకుని నీళ్లు తోడారు. మళ్లీ ఆట మొదలయ్యేసరికి మిగిలింది గంటంపావు. చివరి నాలుగు వికెట్లనూ ఇంగ్లండ్ ఎడమచేతి బౌలర్ డెరెక్ అండర్‌వుడ్ 27 బంతుల్లో పడగొట్టి ఆస్ట్రేలియాను 125 పరుగులకు ముగించాడు. ఫీల్డర్లంతా బ్యాటర్ చుట్టూ ఈగల్లా ముసిరిన ఆ ఫొటో క్రికెట్ పుస్తకాల్లో ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది. అండర్‌వుడ్ కొంప ముంచింది ఆ ఫొటోనే. తడి పిచ్ దొరికితే పులి, లేకపోతే మామూలు బౌలర్ అన్న మాట అప్పుడే స్థిరపడిపోయింది. 2024 ఏప్రిల్‌లో అతను పోయినప్పుడు రాసిన నివాళుల్లోనూ వానే ముందు కూర్చుంది.

స్కోర్‌కార్డు తెరిస్తే కథ కొంచెం మారుతుంది. ఆ ఇన్నింగ్స్‌లో అతను 50 పరుగులిచ్చి 7 వికెట్లు తీశాడు. వాటిలో రెడ్‌పాత్, ఇయాన్ చాపెల్, వాల్టర్స్ వికెట్లు మూడూ వానకు ముందే పడ్డాయి. వాన పని సులువు చేసిందంటే ఒప్పుకుంటాను. అంతా వానే చేసిందంటే ఒప్పుకోను.

ఇంగ్లండ్ ఎడమచేతి స్పిన్ వంశావళి తెలిసినదే. ఊరించి బంతి వేసే విల్‌ఫ్రెడ్ రోడ్స్ ఫస్ట్‌క్లాస్‌లో 4,204 వికెట్లు తీశాడు. హెడ్లీ వెరిటీ 1934లో లార్డ్స్‌లో ఆస్ట్రేలియా మీద ఒకే మ్యాచ్‌లో 15 తీశాడు. ఆ తర్వాత టోనీ లాక్. 1963లో పదిహేడేళ్ల వయసులో కెంట్ కౌంటీకి ఆడటం మొదలుపెట్టి తొలి సీజన్‌లోనే వంద వికెట్లు దాటిన అండర్‌వుడ్‌ను వీళ్ల వరసలో కూర్చోబెట్టడం ఆనవాయితీ. నాకైతే అతను ఆ పంక్తిలోవాడిలా కనిపించడు.

స్పిన్నర్ అనగానే మనకు రెండు మూడు అడుగుల నడక, గాలిలో తేలే బంతి గుర్తొస్తాయి. అండర్‌వుడ్ మీడియం పేసర్‌లా దూరం నుంచి పరుగెత్తుకొచ్చేవాడు. వేగం కూడా ఇంచుమించు అంతే. వేళ్లు బంతిని తిప్పడం కన్నా కోసేవి. అందుకే దాన్ని స్పిన్ అనాలా, కట్టర్ అనాలా అన్న వాదన అతను ఆడినంతకాలం తెగలేదు. ముందుకెళ్లాలా వెనక్కి జరగాలా అని బ్యాటర్ తేల్చుకునేలోపు బంతి బ్యాటును దాటి, స్టంప్స్‌ను ఆనుకుని నిలబడ్డ కీపర్ అలన్ నాట్ చేతుల్లో ఉండేది. ఇంకో బంతి అదే చోట పడి నిటారుగా ప్యాడ్ల మీదికి దూసుకొచ్చేది. కాస్త కొట్టుకోనిద్దామన్న ఉదారత అతనికి లేదు. సహచరులు పెట్టిన పేరు ‘డెడ్లీ’. తడిగుడ్డతో గొంతు కోయడం అని మనవాళ్లు అనేది ఇలాంటి పనినే.

అసలు పరీక్ష 1976-77 భారత పర్యటన. ఎండ కాసే దేశం, స్పిన్‌ను పాలతో పాటు తాగిన బ్యాటర్లు. ఐదు టెస్టుల్లో అతను తీసినవి 29 వికెట్లు, సగటు 18కి లోపు. మద్రాసులో మనం 83కే కూలిపోయినప్పుడు 28 పరుగులకు 4 అతనివే. ఆ టెస్టు అనగానే జాన్ లీవర్ బంతికి వాజెలిన్ రాశాడన్న గొడవే చెప్పుకుంటాం, అండర్‌వుడ్ ఊసెత్తం. టెస్టుల్లో గావస్కర్‌ను 12 సార్లు ఔట్ చేశాడు, ఇంకే బౌలరూ అన్నిసార్లు చేయలేదు. తడి పిచ్‌ల పుణ్యమే అనేవాళ్లు దీనికి జవాబు చెప్పాలి.

నా వాదనకూ ఒక చిల్లు ఉంది. 1981-82లో మళ్లీ ఇక్కడికొచ్చి ఆరు టెస్టుల్లో పదే వికెట్లు తీయగలిగాడు. పిచ్ ప్రాణం లేకుండా పడి ఉంటే, బంతిని గాలిలో ఆడించి మోసం చేసే విద్య అతని దగ్గర లేదు. బేడీకి ఉన్న ఆ రెండో దారి అతనికి లేదన్నది నిజం. అయినా భారత గడ్డ మీద మొత్తం 54 వికెట్లు వాన బౌలర్‌కు వచ్చే లెక్క కాదు.

ఆ ముద్ర సెలెక్టర్ల మనసులోనూ పడింది. 1972 యాషెస్‌లో మొదటి మూడు టెస్టులకు నార్మన్ గిఫర్డ్‌నే ఆడించి, నాలుగోదానికి, హెడింగ్లీలో, ఇతన్ని దించారు. ఫంగస్ పట్టి గడ్డి చచ్చిన ఆ పిచ్ మీద 82 పరుగులకు 10 వికెట్లు తీస్తే, మళ్లీ పిచ్‌కే పేరు. ప్యాకర్ సిరీస్, ఆపై దక్షిణాఫ్రికా తిరుగుబాటు పర్యటన తెచ్చిన మూడేళ్ల నిషేధం కలిసి అతని లెక్కను 86 టెస్టుల్లో 297 దగ్గర ఆపేశాయి. ఆ పర్యటనను నేను సమర్థించను. తప్పు అతనిదే.

1981 నుంచి కౌంటీల్లో పిచ్‌లను పూర్తిగా కప్పడం మొదలైంది, దాంతో ఇంగ్లండ్ స్పిన్ చచ్చిందని అంటారు. ఆ కప్పిన పిచ్‌ల మీదే 1983లో అండర్‌వుడ్ వంద వికెట్లు దాటాడు. చంపింది కవర్లు కాదు, క్యాలెండర్. నడివేసవిని పొట్టి ఫార్మాట్లకు ఇచ్చేసి, కౌంటీ మ్యాచ్‌లలో ఎక్కువ భాగాన్ని ఏప్రిల్, మే, సెప్టెంబరు చలిలోకి నెట్టేస్తే, స్పిన్నర్ చేతికి బంతి ఎప్పుడొస్తుంది?

అయినా 2024 జనవరిలో మన ఉప్పల్‌లో టామ్ హార్ట్లీ అనే పొడగరి ఎడమచేతి స్పిన్నర్ దిగాడు. టెస్టుల్లో అతను వేసిన మొదటి బంతినే జైస్వాల్ సిక్సర్ కొట్టాడు. రెండో ఇన్నింగ్స్‌లో వేగం తగ్గించకుండా, లెంగ్త్ వదలకుండా 62 పరుగులకు 7 వికెట్లు తీశాడు, ఇంగ్లండ్ 28 పరుగులతో గెలిచింది. అండర్‌వుడ్ అంత వేగం లేకపోయినా పట్టు మాత్రం ఆ రకానిదే. ఆ సిరీస్‌లో అతనికి 22 వికెట్లు వచ్చాయి. అదే ఏడాది వేసవిలో సొంతగడ్డ మీద టెస్టులు మొదలైనప్పుడు ఇంగ్లండ్ జట్టులో హార్ట్లీ లేడు.