ఆ తొంబదిమంది ఎవ్వరు?

తణుకునుండి తాడేపల్లిగూడెము మీదుగా మాధవరము పోవువానికి దారిపొడవునను కనబడునవి వరిచేలు, కాలువగట్లు, కొబ్బరిచెట్లు. కత్తికిని తుపాకికిని సంబంధించినది ఏదియు ఆ చల్లని నేలపై కానరాదు. అయినను చుట్టుప్రక్కల వారెవ్వరును ఆ యూరిని వట్టి మాధవరము అనరు, మిలటరీ మాధవరము అందురు. బిరుదు కాలక్రమమున ఇంటిపేరైనట్లు, ఆ ఇంగ్లీషు మాట యూరిపేరునకు ముందు కుదురుకొనిపోయినది. ఢిల్లీలోని అమర్ జవాన్ జ్యోతి నమూనాలో నిలిపిన స్మారకమొకటి అచ్చట కలదు. మొదటి ప్రపంచయుద్ధమునకు తమ యూరినుండి 90 మందియు, రెండవ దానికి 1,110 మందియు వెళ్లిరని గ్రామవృద్ధులు చెప్పుదురు.

ఈ వృత్తికి మూలమేమని యడిగినచో, 17వ శతాబ్దమున పూసపాటి మాధవవర్మయను ప్రభువు ఆరుగొలనులో కోట కట్టించి, దాని రక్షణకై యోధకుటుంబములను తెచ్చి నిలిపెననియు, ఆయన పేరనే ఈ యూరు వెలసెననియు వారే చెప్పుదురు. ఇట్టి ఉత్పత్తికథను శాసనమువలె చదువరాదు, కట్టుకథ యని త్రోసివేయనురాదు. తన బిడ్డలను తరము వెంట తరము యుద్ధమునకేల పంపుచున్నదో ఒక యూరు తనకు తాను చెప్పుకొన్న సమాధానమది. సమాధానముగనే దానిని వ్రాసికొనవలెను.

తెలుగువాని సిపాయితనమునకు ఊరి కథలేగాక దూరదేశపు వాడుకలును సాక్ష్యమిచ్చుచున్నవి. 1758 డిసెంబరులో పిఠాపురము చెంత చందుర్తియొద్ద, విజయనగర ప్రభువగు ఆనంద గజపతిరాజు తోడురాగా, కర్నల్ ఫోర్డు ఫ్రెంచివారిని ఓడించెను. ఉత్తర సర్కారులు ఇంగ్లీషువారి చేతికి జారుట అక్కడినుండియే ఆరంభమైనది. తెలుగునేలనుండి కంపెనీ కొలువునకు పోయిన పటాలములవాండ్ర మూలమున ఉత్తరహిందూస్థానమున ‘తిలంగా’ యనిన సిపాయి యను అర్థమే స్థిరపడి, 1857లో ఢిల్లీ ప్రవేశించిన అవధు సిపాయిలను సైతము ఆ నగరవాసులు తిలంగాలనియే పిలిచిరి. ఇంతటి పేరుగన్న జనమును, కొన్ని కులములే యోధకులములనెడి సిద్ధాంతమును పట్టుకొని దొరలు 19వ శతాబ్దపు చివరి దశకములలో ప్రక్కకు నెట్టిరి. 1914లో యుద్ధము ముంచుకొనిరాగా మరల పిలిచిరి. 1920ల చివరకు మూడవ మద్రాసు రెజిమెంటును రద్దుచేసిరి. 1941లో మద్రాసు రెజిమెంటును మరల నిలిపిరి. పటాలపు చరిత్రలలో ఈ పిలుపులును ఈ రద్దులును తేదీలతోకూడ దొరకును. ఆ రెంటి నడుమ నాగలి పట్టి, తిరిగి ఎప్పుడు పిలుపు వచ్చునో యని యెదురుచూచిన యిండ్ల సంగతి మాత్రము ఊరిలోనే దొరకవలెను.

మొదటి యుద్ధమున మెసపొటేమియాలో మరణించినవారికై బస్రాలో 1929లో ఆవిష్కరింపబడిన స్మారకము నొకసారి తలచుకొందము. అందు బ్రిటిషు సైనికుల పేర్లు చెక్కబడినవి; భారతీయులలో అధికారుల పేర్లు మాత్రము చెక్కి, సామాన్య సిపాయిలను పటాలము పటాలముగా సంఖ్యలతో సరిపెట్టిరి. ఆ స్మారకమును నిర్మించిన యుద్ధసమాధుల సంఘమే, తమ పూర్వులు పాటించిన ఇట్టి భేదములను 2021లో ఒప్పుకొని క్షమాపణ చెప్పినది. దానిని తలచుకొని మనము కోపించుట న్యాయమే. కాని తొంబదిమంది, వేయిన్నూటపదిమంది యని సభలలో చెప్పి చేతులు చరచుకొనునప్పుడు మనము చేయుచున్న దేమి? బస్రా రాతిపై నున్నదియు సంఖ్యయే, మన నోట నున్నదియు సంఖ్యయే. సంఖ్య గర్వమునకు చాలును గాని చరిత్రకు చాలదు.

పేర్లు దొరకవా యనిన, వెదకినచోట్ల దొరకినవి. మొదటి యుద్ధానంతరము పంజాబు ప్రభుత్వము గ్రామవారీగా వ్రాయించిన పట్టికలు, సుమారు 3,20,000 మంది వివరములతో, లాహోరు మ్యూజియములో ఏండ్ల తరబడి మూలబడియుండెను. 2021నుండి, కొన్ని జిల్లాలతో మొదలుపెట్టి, వానిని ఎల్లరకు అందుబాటు చేయుటతో, బ్రిటనులో స్థిరపడిన పంజాబీలు ఊరిపేరును బట్టి తమ ముత్తాతల జాడ తీయగలుగుచున్నారు. మనవారికై వెదకువాడు మొదట భూగోళమునే సరిచూచుకొనవలెను. తణుకు తాలూకా 1904 వరకు గోదావరి జిల్లాలోనిది, ఆపైన కృష్ణా జిల్లాలోనిది, 1925 నుండి పశ్చిమగోదావరిలోనిది. 2022లో ఏలూరు వేరు జిల్లా కాగా, తణుకును గూడెమును (తాడేపల్లిగూడెమును) భీమవరము కేంద్రముగాగల పశ్చిమగోదావరిలో నిలిచినవి. కావున ఒకే యరుగుమీద పుట్టిన తాత కృష్ణా జిల్లావాడుగను, మనుమడు పశ్చిమగోదావరివాడుగను పటాలపు పుస్తకములకు ఎక్కియుండవచ్చును. ఇక ఇంటిపేరు ఇంగ్లీషులో ఒక పొడియక్షరమై, అసలు పేరు గుమాస్తా చెవికి వినబడినట్లు వ్రాయబడినచో, అట్టి పేరును చూచి ‘ఇది మా తాతయే’ యని గుర్తుపట్టగలవాడు ఆ యింటివాడు తప్ప వేరొకడు లేడు.

మరియొక చిక్కు కలదు. పింఛను లేక విడుదలయిన సిపాయి సేవాపత్రములను 25 ఏండ్లు దాచి, పిమ్మట నాశనము చేయుట సైన్యపు నియమము. రెండవ యుద్ధము ముగియగానే ఇండ్లకు పంపబడినవారి కాగితములకు 1970లనాటికే గడువు తీరిపోయినది. సర్కారు దస్తరములో లేనిది ఇంట అటకమీది ట్రంకుపెట్టెలో ఉండవచ్చును: చివికిన డిశ్చార్జి పుస్తకము, పటాలపు ఫోటో, రంగు వెలసిన రిబ్బనుతో ఒక మెడలు (పతకము). మొదటి యుద్ధపు మెడలు అంచును భూతద్దముతో చూచినచో నంబరు, హోదా, పేరు, పటాలము చెక్కబడియుండును. అది అరచేతిలో నిముడు తామ్రశాసనము. పిల్లలాటకిచ్చి పోగొట్టిన మెడలు, పాత ఇనుముతోపాటు బేరమునకు పోయిన మెడలు, ఒక్కొక్కటి ఒక్కొక శాసనము పగులగొట్టుటతో సమానము.

అంచుమీది పటాలపు పేరు తెలిసినచో, ఆ పటాలపు యుద్ధదినచర్యలనుండి అది ఏ నెలలో ఏ నదీతీరమున నుండెనో తెలియును. స్వతంత్రభారతపు యుద్ధముల సంగతికి వచ్చినచో, దస్తరములను సామాన్యముగా 25 ఏండ్లకు బయటపెట్టవలెనని రక్షణశాఖ 2021లో నిర్ణయించినది. అయినను దినచర్యలో మనిషి యుండడు. అతడు సెలవుపై వచ్చినప్పుడు ఏమి తెచ్చెనో, రాత్రులు నిద్రలో ఏ పేరు పెట్టి కేకలువేసెనో, మనియార్డరు రాని నెలలలో ఇల్లెట్లు నడచెనో చెప్పగలవారు ఇంటి ఆడవారు. వారి నడుగువాడు తేదీల నడుగరాదు. “కాకినాడమీద బాంబులు పడినప్పటికి ఆయన ఇంట నుండెనా?” యని యడిగినచో 1942 ఏప్రిల్ 6వ తేదీ దానంతట నదియే చేతికి వచ్చును, “గూడెములో విమానముల రన్‌వే వేయుచున్నప్పుడు?” అనిన మరియొక గురుతు దొరకును. జ్ఞాపకము సంవత్సరములను తారుమారు చేయునుగాని, ఏది ముందో ఏది వెనుకో తరచుగా మరువదు. చెప్పినదానిని చెప్పినట్లే, ఆ యాసతోనే, పట్టి యుంచవలెను. మెడలు అంచుతో పొసగనిచోట కథను దిద్దక, రెంటిని ప్రక్కప్రక్కన నిలుపవలెను.

ఇందులకు పెద్ద భవనము గాని పెద్ద నిధి గాని యక్కరలేదు. గీతలు గీసిన ఒక పుస్తకము చాలును: ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు, నంబరు, పటాలము, పోయిన యేడు, తిరిగివచ్చిన యేడు, చెప్పినవారెవ్వరు. మాధవరములో మొదటి యుద్ధపు పుటకు 90 వరుసలు గీచి కూర్చుండవలెను. తెలిసిన పేరు తెలిసిన వరుసలో వ్రాయవలెను, తెలియని వరుసను ఖాళీగనే విడువవలెను. ఆ ఖాళీని చూచిన ఏ మనుమరాలో ఇంటికి పోయి, అటకమీది పెట్టెను దింపి, దుమ్ము దులుపును.