కురితిబా నగర ప్రణాళిక

బ్రెజిల్‌లోని పరానా రాష్ట్ర రాజధాని కురితిబా. ఇళ్లను బస్సు దారులకు చేరువగా కట్టుకుంటూ పెరిగిన నగరంగా దీనికి పేరు. ఊరు నలువైపులా ఇష్టం వచ్చినట్టు విస్తరించకుండా కొన్ని ప్రధాన మార్గాల వెంటే ఎదగాలని 1966 నాటి బృహత్ ప్రణాళిక నిర్దేశించింది. 1971లో మేయరైన వాస్తుశిల్పి జైమీ లెర్నర్ దాన్ని అమల్లో పెట్టారు. 1972లో నడిబొడ్డునున్న వ్యాపార వీధిని పాదచారులకే వదిలేశారు. 1974లో బస్సులకు ప్రత్యేక దారులు మొదలయ్యాయి.

ఈ దారుల పక్కన ఎత్తైన అపార్టుమెంట్లకు, కింది అంతస్తుల్లో దుకాణాలకు అనుమతి ఉంది. దూరం జరిగేకొద్దీ భవనాల ఎత్తు తగ్గాలి. అసలు కిటుకు ఇదే: జనం ఎక్కువున్న చోటే బస్సు నడుస్తుంది, బస్సు నడిచే చోటే జనం ఉంటారు. 1991లో గొట్టం ఆకారంలో గాజు బస్సు స్టేషన్లు వచ్చాయి. ఛార్జీ లోపలికి వెళ్లేటప్పుడే కట్టేస్తారు. ప్లాట్‌ఫారం బస్సు నేలకు సమానమైన ఎత్తులో ఉండటంతో వృద్ధులకు, చక్రాల కుర్చీలో వచ్చేవారికి బస్సు మెట్లతో ఇబ్బంది తప్పింది. ఎంతో మానవీయమైన ఏర్పాటు.

మెట్రో రైలు లేకుండానే ఇదంతా సాధించడం గొప్ప విషయమే. అయితే మార్గాల వెంట భూమి ధరలు పెరిగి, పేద కుటుంబాలు చాలావరకు శివార్లకే పరిమితమయ్యాయి. ఈ ప్రణాళికలోని పెద్ద లోపం అదే.