ఖరగ్‌పూర్ తెలుగువారు ఏ ఫారం నింపాలి?

ఖరగ్‌పూర్‌లో పుట్టి, అక్కడే పన్నెండో తరగతి పూర్తిచేసిన తెలుగు విద్యార్థి కాలేజీలో చేరాడనుకోండి. పూర్వీకులది శ్రీకాకుళం వైపు ఊరు. స్కాలర్‌షిప్‌కు ఏ ఫారం నింపాలి? బెంగాల్‌దా, ఆంధ్రదా, కేంద్రానిదా?

ముందు చరిత్ర చూడండి. బెంగాల్ నాగపూర్ రైల్వే 1887లో ఏర్పడింది. తర్వాత ఖరగ్‌పూర్‌లో జంక్షన్, వర్క్‌షాపు పెరిగేకొద్దీ ఉత్తరాంధ్ర నుంచి తెలుగు కుటుంబాలు పనికోసం చేరాయి. అప్పటికి ఆంధ్రప్రదేశ్ లేదు. వాళ్లు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి బెంగాల్ ప్రెసిడెన్సీకి వచ్చినవాళ్లు. ఇప్పటి ఫారంలో 'స్వరాష్ట్రం' అన్న గడి చిన్నదే కానీ, దాని వెనక ఇంత కథ ఉంది.

ఇక ఫారాలు. స్వామి వివేకానంద మెరిట్ కమ్ మీన్స్ స్కాలర్‌షిప్ అడిగేది మార్కులు, కుటుంబ ఆదాయం, బెంగాల్ నివాసం. 2021లో వచ్చిన స్టూడెంట్ క్రెడిట్ కార్డు సాయం కాదు, రూ.10 లక్షల వరకు అప్పు. దానికి పదేళ్ల నివాసం చాలు. జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లోని కాలేజీ విద్యార్థుల కేంద్ర పథకం బోర్డు పరీక్షలో స్థానాన్ని, ఆదాయాన్ని చూస్తుంది. వీటిలో మన విద్యార్థికి చిక్కు లేదు.

చిక్కంతా ఎస్సీ, ఎస్టీ పోస్ట్ మెట్రిక్ ఫారంలో. ఎస్సీలకు ఈ పథకం 1944 నుంచే, అంటే రాజ్యాంగానికి ముందే ఉంది. విద్యార్థి ఏ రాష్ట్రానికి చెందితే ఆ రాష్ట్రమే డబ్బిస్తుంది, చదువు ఎక్కడైనా సరే. మరి 'చెందడం' అంటే ఏమిటి? అధికరణలు 341, 342 ప్రకారం జాబితాలు రాష్ట్రాలవారీగా ఉంటాయి. ఎస్సీ ఉత్తర్వు తేదీ 1950 ఆగస్టు 10. (శ్రీకాకుళం జిల్లా పుట్టింది ఇంకో ఐదు రోజులకు!) హోం శాఖ 1977 మార్గదర్శకాల ప్రకారం, ఉత్తర్వు తర్వాత పుట్టినవారికి ఆ తేదీన తల్లిదండ్రుల శాశ్వత నివాసం ఎక్కడన్నదే లెక్క. అంటే అప్పటికే ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన కుటుంబం, 1960లలో వచ్చిన కుటుంబం పక్కపక్క ఇళ్లలో ఉన్నా వేర్వేరు రాష్ట్రాలవి కావచ్చు. మొదటి కుటుంబం కులం బెంగాల్ జాబితాలో ఉందా అన్నది మళ్లీ వేరే ప్రశ్న.

మర్రి చంద్రశేఖరరావు కేసు (1990) ఇక్కడే గుర్తుంచుకోండి. తెనాలిలో పుట్టి బొంబాయిలో చదివిన విద్యార్థి ఆంధ్రలో ఎస్టీ. మహారాష్ట్ర మెడికల్ సీటులో ఆ హోదా చెల్లదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. బీర్ సింగ్ కేసు (2018) రాష్ట్రాల విషయంలో అదే సూత్రాన్ని నిలిపింది. సూత్రానికి తర్కం ఉంది, వెనకబాటు ఊరికో రకం. కానీ ఉద్యోగం కోసం వలస వచ్చిన తండ్రి బిడ్డకు అది శిక్షలాగే ఉంటుందని నా అభిప్రాయం.

అలాగని ఆంధ్ర తలుపు సులువుగా తెరుచుకోదు. అధికరణ 371డి కింద స్థానిక అభ్యర్థి కావాలంటే మామూలుగా అక్కడ వరుసగా నాలుగేళ్లు చదివుండాలి. ఖరగ్‌పూర్ బడిలో చదివినవాడికి అదెలా కుదురుతుంది?

2020 డిసెంబరులో బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష గుర్తింపు ఇచ్చింది. అది భాషకు సంబంధించింది మాత్రమే. కులాల జాబితాలో ఒక్క పేరు చేర్చాలన్నా 341(2) కింద పార్లమెంటు చట్టం చేయాల్సిందే.